తోసేవాళ్లున్న ఊళ్లోనే జీపు కొనాలి

పాత బండ్ల మీద ప్రభుత్వం రూల్స్ మీద రూల్స్ పెడుతోంది గానీ, పెట్టాల్సిన ఒక్క రూలు మాత్రం పెట్టడం లేదని నా ఫిర్యాదు. 15 ఏళ్లు దాటిన కారుకి రిజిస్ట్రేషన్ రెన్యువల్ ఫీజు 2022 ఏప్రిల్ నుంచి 600 కాస్తా 5,000 అయింది, 20 ఏళ్లు దాటిందంటే 2025 నుంచి 10,000. ఫిట్‌నెస్ అన్నారు, పొల్యూషన్ కాయితం అన్నారు, ఇన్సూరెన్స్ అన్నారు, గ్రీన్ ట్యాక్స్ అన్నారు, అన్నీ కట్టాం. కానీ ఇన్నేళ్లలో ఏ ఆఫీసులోనూ ఒక్కరంటే ఒక్కరు, "ఏవండీ, ఇది మధ్యలో ఆగిపోతే తోయడానికి మీ వీధిలో ఎంతమంది ఉన్నారండీ" అని అడిగిన పాపాన పోలేదు. పాత జీపుకి ఇంజను కంటే ముఖ్యమైన విడిభాగం అదేనని, గోదావరి డెల్టాలో జీపుని మేపినవాడిగా సవినయంగా మనవి చేస్తున్నాను.

నిజానికి జీపు వంశం చిన్నదేం కాదు. 1941లో అమెరికా సైన్యం కోసం విల్లీస్ కంపెనీ తయారీ మొదలెట్టింది, వాళ్లొక్కళ్ల వల్ల కాక ఫోర్డు వాళ్లని కూడా దింపారు, యుద్ధం ముగిసేసరికి ఇద్దరూ కలిసి ఆరు లక్షలకు పైగా తయారు చేశారు. మన దేశానికి స్వాతంత్ర్యం వచ్చిన కొత్తలోనే బొంబాయిలో మహీంద్రా వాళ్లు వాటిని బిగించడం మొదలెట్టారు. ఆఫ్రికా ఎడారుల్లోనూ ఇటలీ కొండల్లోనూ బర్మా అడవుల్లోనూ తిరిగిన వంశం అది. దాని మునిమనవణ్ణి తెచ్చి మనం కోనసీమలో పెట్టుకున్నాం. ఇక్కడ కొండ లేదు, గుట్ట లేదు, చేతిలోకి రాయి కావాలన్నా బయట్నుంచి లారీలో రావాలి. 1852లో కాటన్ దొర ధవళేశ్వరం ఆనకట్ట పూర్తి చేశాక ఏ మోటారూ లేకుండా నీళ్లు వాటంతట అవే కాలవల్లో పడి చివరి చేను దాకా పోతున్నాయంటే, ఈ నేల ఎంత చదునుగా, ఎంత నిదానంగా సముద్రం వైపు వాలి ఉంటుందో మీరే ఆలోచించండి. మాకు ఎత్తు అంటే ఏటిగట్టు, దాని తర్వాత వంతెన, ఆ పైన కొబ్బరి చెట్టు. కొబ్బరి చెట్టు జీపు ఎక్కలేదు.

నా జీపు ఏ కంపెనీదో చెప్పను. చెబితే ఆ కంపెనీ మీద అనవసరంగా నింద వేసినట్టవుతుంది, ఎందుకంటే నా చేతికొచ్చేసరికే అందులో కంపెనీ బిగించింది బానెట్టు ఒక్కటే, మిగతావన్నీ దారిపొడవునా రకరకాల మెకానిక్కులు ఎవరి అభిప్రాయం ప్రకారం వాళ్లు బిగించినవి. ఓ ఆఫీసు వాళ్లు వేలం వేస్తే నాకంటే ముందు ఒకాయన కొన్నాడు, ఆయన భార్య మాట విని నాకు అమ్మాడు. తెల్ల రంగు మీద మళ్లీ తెల్ల రంగే వేయించాను. అయినా ఎండ ఏటవాలుగా పడినప్పుడు బానెట్టు మీద 'ఆం.ప్ర.ప్ర.', అంటే ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం అని, లోపలి పొరలోంచి కనబడేది, పెయింటు డబ్బులు దండగ.

ఆ మూడు అక్షరాల వల్ల నేను పడ్డ అవస్థ ఇంతా అంతా కాదు. ఏటి మధ్య లంకలోకి వెళ్తే చాలు, ఇసుక లోడు చేసుకుంటున్న కుర్రాళ్లు పారలు అక్కడే పడేసి అరటితోటల్లో పడి పరుగు. నేనేమో అరటిగెల కోసం వెళ్లినవాణ్ణి, "ఏవయ్యా, నేను కాదయ్యా" అని అరుస్తూ నిలబడేవాణ్ణి. ఇంకోసారి గట్టు దిగి టీ కొట్టు దగ్గర ఆగితే ఓ ముసలమ్మ చీర కొంగు ముడి విప్పి, అందులోంచి నాలుగు మడతలు పెట్టిన కాయితం తీసి నా చేతిలో పెట్టింది. వితంతు పింఛను అర్జీ. మడతల దగ్గర చిరిగిపోతుంటే వెనకాల క్యాలెండర్ కాయితం అంటించింది. "నాకు సంబంధం లేదమ్మా" అంటే వినదే. "ఇందాకటాయనా అలాగే అన్నాడు బాబూ, జీపు ఉందిగా, పైవోళ్లకి చెప్పు" అంది. పట్టుకెళ్లి మండలాఫీసులో ఇచ్చాను. నా సంతకం పెట్టమన్నారు, పెట్టాను. పనైందో లేదో తెలీదు గానీ ఆ తర్వాత ఆ ఊరి మీదుగా వెళ్లినప్పుడల్లా ఇంకో ఇద్దరు ముగ్గురు కొంగు ముడులు విప్పుకుంటూ వచ్చేవాళ్లు. జీతం లేని ప్రభుత్వోద్యోగం అంటే ఏమిటో అప్పుడే తెలిసింది నాకు.

సరే, స్టార్టింగ్ సంగతికొద్దాం, అసలు గొడవంతా అక్కడే. డీజిల్ ఇంజను కాబట్టి పొద్దున్నే హీటర్ ప్లగ్గులు వేడెక్కాలి, స్విచ్చి నొక్కి పట్టుకుని మనసులో ఇష్టదైవాన్ని తలుచుకోవాలి, ఆ తర్వాత సెల్ఫ్ కొట్టాలి. సెల్ఫ్ తీసుకుంటే బ్యాటరీ కొత్తదన్నమాట. తీసుకోకపోతే, అంటే మామూలు రోజుల్లో, ఒకటే మార్గం, పల్లానికి వదిలి రెండో గేర్లో క్లచ్చి వదలడం. పల్లం ఎక్కడుంది? ఊరంతటికీ ఏటిగట్టు ర్యాంపు ఒక్కటే పల్లం. అందుకని మా ఇంట్లో షెడ్డు ఉండగానే జీపు మాత్రం గట్టు మీద, వెనక చక్రం కింద కొబ్బరి దుంగ ముక్క పెట్టుకుని పడుకునేది. హ్యాండ్ బ్రేకు ఉంది, అలంకారానికి. డీజిల్ మీటరు ఎప్పుడూ సగం దగ్గరే ఉండేది, బండి అమ్మేదాకా సగమే. అందుకని ట్యాంకులో కొబ్బరి ఈనె ముంచి తడి ఎంతవరకూ ఉందో చూసుకునేవాళ్లం. కోటిపల్లి–నరసాపురం రైలు మార్గం ఎన్నేళ్లుగానో కడుతూనే ఉన్నారు కదా, అది వచ్చేలోపు బాగుచేయించేద్దాం అనుకున్నాను, ఆ లెక్కన నాకింకా టైముంది.

గట్టు దాకా వెళ్లే ఓపిక లేనప్పుడు తోయాలి. ఇక్కడే మన సమాజ నిర్మాణం బయటపడుతుంది. జీపు తోయడం ఉచితం అనుకుంటారు చాలామంది. ఒక్కసారి భుజం ఆనించినవాడికి ఆ జీపు మీద సర్వహక్కులూ వచ్చేస్తాయి. వాళ్ల పెళ్లికి రావాలి, పురిటికి రావాలి, అర్ధరాత్రి అమలాపురం ఆసుపత్రికి రావాలి, కనుమనాడు జగ్గన్నతోట ప్రభల తీర్థానికి పదహారుమందిని ఎక్కించుకుని రావాలి, ఎలక్షన్లకి మైకు కట్టుకోవడానికి ఇవ్వాలి, అదీ రెండు పార్టీలకీ ఇవ్వాలి, ఎందుకంటే రెండు పార్టీలవాళ్లూ తోశారు. ఇవ్వకపోతే మర్నాడు పొద్దున మనం స్టీరింగ్ పట్టుకుని కూర్చుని వెనక్కి చూస్తే కుక్క తప్ప ఎవరూ ఉండరు. మా పక్కింటివాళ్లకీ మాకూ సరిహద్దులో ఓ కొబ్బరి చెట్టుంది. మొదలు మా వైపు, తల వాళ్ల వైపు. కాయలన్నీ వాళ్ల దొడ్లోనే రాలేవి. ఒక్కనాడూ నోరెత్తలేదు నేను. ఆ ఇంట్లో ముగ్గురు కొడుకులు, ముగ్గురూ పొద్దున ఆరింటికి ఇంట్లోనే ఉండేవాళ్లు.

కాబట్టి రవాణా శాఖకి నా ప్రతిపాదన ఏమిటంటే, పాత జీపు పేరు మార్చే ముందు తోపుడు సామర్థ్య ధ్రువీకరణ పత్రం తప్పనిసరి చేయాలి. దరఖాస్తుదారు ఇంటికి వంద గజాల లోపు, 18 ఏళ్లు నిండినవారు, నడుంనొప్పి లేనివారు, సదరు దరఖాస్తుదారుతో మాటలున్నవారు కనీసం ఆరుగురు నివసిస్తున్నట్టు వీఆర్వో సంతకం ఉండాలి. ఐదేళ్లకోసారి రెన్యువల్. మాటలు పోతే రిజిస్ట్రేషన్ రద్దు.

ఊళ్లో అయితే సరే, పరాయి ఊళ్లో ఆగితే ఎలా అంటారేమో, గోదావరి జిల్లాల్లో ఆ భయం లేదు, తోయడం కంటే ముందు సలహాలు వస్తాయంతే. సఖినేటిపల్లి రేవులో పంటు, అంటే బండ్లని కూడా ఏరు దాటించే పడవ, ఎక్కి నరసాపురం వెళ్తుంటాం కదా. అవతలి ఒడ్డున దిగేటప్పుడు చెక్కల మీద ముందు చక్రాలు ఆనాయో లేదో ఇంజను ఆగిపోయింది. వెనకాల మోటార్‌సైకిళ్లు, చేపల బుట్టలు, పట్టుచీరల్లో పెళ్లివారు, మేకలు. ఎవరికీ దిగే దారి లేదు. "డీజిలుందాండీ?" అన్నాడొకాయన. "ఎయిర్ పట్టేసుంటదండీ, పంపు కొట్టండి" అన్నాడు ఇంకొకాయన. "గేర్లోంచి తీశారా?" అని పెళ్లికొడుకు మేనమామ. "ఆయ్, తీశానండీ." "మరి హ్యాండు బ్రేకు?" "అది ఉన్నా లేనట్టేనండీ." చివరికి చేపలావిడ బుట్ట కింద పెట్టి, "మాటలు తరవాత, పట్టండి" అని ముందు ఆవిడే చెయ్యి వేసింది. అప్పుడు లేచారు మగాళ్లు. రేవు ఎక్కేదాకా తోశారు, ఎక్కాక స్టార్టయింది. ఒక్కరు కూడా విసుక్కోలేదు, పైగా మేనమామగారు "బండి కండిషన్లోనే ఉందండీ" అని సర్టిఫికెట్ ఇచ్చి వెళ్లాడు. అప్పట్నుంచీ జీపుకి రొయ్యల వాసన ఎందుకొచ్చేదో మాత్రం అంతుబట్టలేదు.

ఫోర్ వీల్ డ్రైవ్ గురించి చెప్పకపోతే వాహన ప్రియులు ఊరుకోరు. నాలుగు చక్రాలూ తిరుగుతాయనేది ప్రచారం. మామూలు డిఫరెన్షియల్ (ఇరుపక్కల చక్రాలకీ శక్తి పంచే గేర్ల డబ్బా) ఉన్న జీపులో, బురదలో ముందు ఒక చక్రం, వెనక ఒక చక్రం పట్టు తప్పాయంటే శక్తంతా ఆ రెండిటికే పోతుంది, అవి గిరగిరా తిరుగుతుంటాయి, గట్టినేల మీదున్న మిగతా రెండూ పెద్దమనుషుల్లాగా చూస్తుంటాయి. మన చేలల్లో నల్ల బంకమట్టి సంగతి తెలిసిందే కదా, టైరు గాడుల్లో ఒకసారి నిండితే ఆ టైరుకి పట్టు ఉండదు. రెండో ప్రపంచ యుద్ధం గెలిపించిన వంశాంకురాన్ని దమ్ము ట్రాక్టరు వచ్చి కొబ్బరి మోకు కట్టి లాగుతుంటే చూడటం కష్టంగానే ఉండేది. ట్రాక్టరు కుర్రాడు లాగినందుకు డబ్బులు తీసుకోలేదు. "ఎందుకండీ ఇయ్యన్నీ" అన్నాడు. ఆ మాటకంటే డబ్బులు తీసుకునుంటే బాగుండేది.

ఆ టైర్లు కూడా మిలిటరీ నమూనావే, 6.00-16 సైజు. ముందుకెళ్లినా వెనక్కొచ్చినా అచ్చు ఒకేలా పడుతుంది, బండి ఎటు వెళ్లిందో శత్రువుకి తెలియకూడదని అలా చేశారంటారు. మా ఆవిడకి మాత్రం అచ్చుతో పని లేదు. సైలెన్సరు చప్పుడుని బట్టి కాలవ లాకుల దగ్గర పేకాటకి ఆగానో, మా అక్కావాళ్ల ఊరెళ్లానో ఇంట్లో కూర్చునే చెప్పేసేది.

ఇంతా చేసి ఆ జీపు ఎందుకూ పనికిరాలేదంటే పాపం తగులుతుంది. 2022 జూలైలో ధవళేశ్వరం నుంచి పాతిక లక్షల క్యూసెక్కులు దాటి వదిలినప్పుడు, మూడో ప్రమాద హెచ్చరిక 17.75 అడుగులు కూడా దాటేసి లంకల్లో కాజ్‌వేలన్నీ ములిగిపోయాక, ఊళ్లో కొత్త కార్లన్నీ టెన్షన్ పడి వంతెనల మీదకి చేరాయి, కొన్ని ఇప్పటికీ అప్పటి నిద్ర మత్తులోనే ఉన్నాయి. మా జీపు మాత్రం దిగింది. దిగేముందు ఫ్యాన్ బెల్టు తీసేయాలి, లేకపోతే ఫ్యాను నీళ్లని ఇంజనంతా చిమ్మి పారేస్తుంది, అయితే బెల్టు లేకపోతే వాటర్ పంపూ తిరగదు కాబట్టి కాసేపట్లోనే బయటపడాలి. డీజిలు ఇంజనుకి స్పార్కు ప్లగ్గులుండవు, వైర్లు తడిసినంత మాత్రాన ఆగదు. గాలి పీల్చే గొట్టంలోకి నీళ్లు పోకుండా చూసుకుంటే చాలు, పోయాయా, కనెక్టింగ్ రాడ్లు వంగిపోతాయి. పాల ప్యాకెట్లు, దుప్పట్లు, ఓ బాలింత, ఓ టీవీ, టీవీ వదలనన్న ఆవిడ, అందర్నీ గట్టెక్కించింది. నీళ్లు తీశాక డిఫరెన్షియల్ విప్పితే గేర్ ఆయిల్ కాఫీ రంగులో కారింది. ఆ ఖర్చు ఎవరిస్తారని అడగలేదు నేను, అందరూ తోసినవాళ్లే. 1986లో 35 లక్షల క్యూసెక్కులు చూసిన మా పెద్దాయన ఒకాయన మాత్రం జీపు ఎక్కుతూ కూడా "ఇదేం వరద" అని పెదవి విరిచాడు.

అమలాపురం గడియార స్తంభం సెంటర్లో ఇప్పుడు లక్షలు పోసిన కొత్త ఫోర్ బై ఫోర్లు తిరుగుతున్నాయి. ఈఎంఐ ఉంది, సన్‌రూఫ్ ఉంది, మడ్ టైర్లున్నాయి, మడ్ మాత్రం లేదు. జ్యూసు షాపు ముందు పేవ్‌మెంటు ఎక్కించడమే వాటి ఆఫ్‌రోడ్డు. నాకు అసూయేం లేదు. అవి ఆగితే తోయకూడదట, టోయింగ్ వాళ్లకి ఫోన్ చేయాలట.

నన్ను దెబ్బ కొట్టింది జీపు కాదు. పక్కింటి పెద్దవాడు కువైట్ వెళ్లాడు, రెండోవాడు హైదరాబాద్ గచ్చిబౌలి, మూడోవాడు ఊళ్లోనే ఉన్నాడు గానీ రాత్రంతా ఏదో అమెరికా కంపెనీకి పనిచేసి పొద్దున్న పడుకుంటాడు. ఎదురింటాయనకి స్టెంటు వేశారు. రెండు పార్టీలవాళ్లూ మైకు ఆటోలకి కట్టుకుంటున్నారు. స్వయంగా నేను ప్రతిపాదించిన పత్రం నాకే రాదు.

అమ్మకానికుందని తెలిసి ఓ ఫొటోగ్రాఫర్ కుర్రాడు వచ్చాడు. ప్రీ వెడ్డింగ్ షూట్లకట, దిండి వైపు కొబ్బరి తోటల్లో పెట్టి బానెట్టు మీద జంటని కూర్చోబెడతాడట. ఇంజను గురించి నేను చెప్పడం మొదలెడితే, "స్టార్టవకపోయినా పర్లేదు అంకుల్" అన్నాడు. ట్రాలీ మీద పట్టుకెళ్తాడట. 'ఆం.ప్ర.ప్ర.' అక్షరాలు చూసి ముచ్చటపడి పై రంగు గీకించేస్తానన్నాడు. మర్యాదకి కడిగించి ఇస్తానన్నాను. "కడక్కండి అంకుల్, ఆ బురదకే రేటు" అన్నాడు.

జీపు వెళ్లిన మర్నాడు పొద్దున్నే సరిహద్దు దగ్గరికెళ్లి, పక్కింటాయన్ని పిలిచి, ఆ కొబ్బరి చెట్టు కాయల సంగతి ఏంటని అడిగాను.