మెట్ల కింది ప్లగ్గు

హన్మకొండలో సొంతిల్లు, అందులో ఐదు పోర్షన్లు కిరాయికి ఉన్నాయని చెప్పగానే ఎదుటివాళ్ల చూపే మారిపోతుంది. "మీకేంది సార్, నెల తిరిగేసరికి కిరాయిలు" అంటారు. కిరాయిలు వస్తాయి, కాదనను. వాటి వెంటే పంపు వాషర్లు, డ్రైనేజీ జామ్‌లు, గోడకు కొట్టిన మేకుల పంచాయితీలు కూడా వస్తాయి. నేను రిటైరైన స్కూలు టీచర్ని. ముప్పై ఏళ్లు పిల్లల అల్లరి భరించాక హాయిగా కూర్చుందామని ఇల్లు కట్టాను. బెల్లు కొడితే పిల్లలు ఇంటికి పోయేవారు. కిరాయిదార్లు బెల్లు కొట్టి నన్ను బయటికి పిలుస్తారు. అదొక్కటే తేడా.

కింద మేము, మా పక్కన ఒక పోర్షన్. ఫస్ట్ ఫ్లోర్‌లో రెండు, సెకండ్ ఫ్లోర్‌లో ఒకటి. ఆ పైన నా గ్రాట్యుటీ అయిపోయింది కాబట్టి ఇల్లు కూడా అక్కడే ఆగిపోయింది. మిగిలిన ఇటుకలతో డాబా మీద ఒక గది వేయించాను. దాన్ని గది అంటే ఒక కిరాయి, పెంట్‌హౌస్ అంటే వెయ్యి రూపాయలు ఎక్కువ. అందుకని పెంట్‌హౌస్ అంటాం. అందులో ముగ్గురు ఇంజినీరింగ్ పిల్లగాళ్లుంటారు.

ఈ ఇంట్లో అసలు ఓనర్ని నేను కాదు, మీటర్. పోర్షన్‌కో మీటర్ ఉంది. 2024 మార్చి నుంచి గృహజ్యోతి కింద తెల్లకార్డు ఉన్నవాళ్లకు నెలకు 200 యూనిట్ల దాకా జీరో బిల్లు. కిరాయిదార్లకూ వర్తిస్తుంది. 200 దాటితే మాత్రం బిల్లు మొత్తం కట్టుకోవాలి. పథకం మంచిదే, నాకేం పేచీ లేదు. కానీ మా ఇంట్లో దాని వల్ల నెలకు రెండు పక్షాలు ఏర్పడ్డాయి. శుక్లపక్షంలో గీజర్లు, మిక్సీలు, టీవీలు ధారాళంగా నడుస్తాయి. 180 యూనిట్లు దాటాక కృష్ణపక్షం. అప్పుడు ఫస్ట్ ఫ్లోర్ మేడమ్ రోజూ పొద్దున మీటర్ ముందు నిలబడి, జ్వరం చూసినట్టు చూసి, "187 అయింది అంకుల్, ఇంకా ఐదు రోజులున్నయ్" అని నాకు రిపోర్టిస్తుంది. నేనేం చేయాలో చెప్పదు. ఏం చేయాలో ఆమెకు ముందే తెలుసు.

మెట్ల కింద ఒక ప్లగ్గు ఉంది. ఇల్లు కట్టేటప్పుడు మేస్త్రీ డ్రిల్లింగ్ మిషన్ కోసం పెట్టించింది. అది కామన్ మీటర్ మీద నడుస్తుంది. ఆ మీటర్ మీదే సంపు మోటరు, మెట్ల లైటు, గేటు లైటు. కామన్ మీటర్‌కు జీరో బిల్లు రాదు. పెన్షన్ వస్తుంది కాబట్టి నాకు తెల్లకార్డు లేదు, మెట్లకు ఎట్లాగూ లేదు. ఇంట్లో ఇన్ని సంసారాలుంటే కరెంటు బిల్లు కట్టే ఏకైక మొనగాణ్ని నేను.

కృష్ణపక్షం మొదలవగానే ఆ ప్లగ్గు దగ్గర జాతర. ఒకరి ఇస్త్రీ పెట్టె, ఒకరి మిక్సీ, ఒకరి సెల్ చార్జర్. నా బాధ సెల్ చార్జర్ కాదు, శ్లాబు. నెలకు 200 యూనిట్లు కాలితే ఎనర్జీ చార్జీ 820 రూపాయలు. ఒక్కటంటే ఒక్క యూనిట్ ఎక్కువై 201 అయితే, మొదటి 200 యూనిట్లకూ 5 రూపాయల 10 పైసల చొప్పున, ఎక్కువైన ఆ ఒక్కదానికి 7 రూపాయల 70 పైసలు లెక్కగట్టి 1,027 రూపాయల 70 పైసలు చేస్తారు. ఫిక్స్‌డ్ చార్జీలు అదనం. అంటే ఎవరో చొక్కా కాలర్ ఇస్త్రీ చేసుకున్నందుకు నాకు రెండు వందల ఏడు రూపాయలు. ఆ డబ్బుతో ఆ చొక్కాను డ్రైక్లీనింగ్‌కే పంపొచ్చు.

"ఈ ప్లగ్గు వాడరాదు" అని అట్ట రాసి మేకు కొట్టాను. మర్నాడు చూస్తే ఆ మేకుకే ఎక్స్‌టెన్షన్ బాక్సు వేలాడుతోంది. మేకు బాగుందని మెచ్చుకున్నారు కూడా.

ఇక అసలు విషయం. 2026లో మేడారం జాతర జనవరి 28 నుంచి 31 దాకా వచ్చింది. పంచాంగం చూసేవాళ్లకు అది మాఘ పౌర్ణమి ముందరి రోజులు. నాకు మాత్రం నెలాఖరు. మీటర్లన్నీ 190 దాటి నిలబడి ఉన్నాయి. సరిగ్గా అప్పుడే సెకండ్ ఫ్లోర్ వాళ్లింటికి సిద్దిపేట వైపు నుంచి చుట్టాలు దిగారు. బుధవారం రాత్రి ఒక డీసీఎం వ్యాను వచ్చి గేటు ముందు ఆగింది. దిగుతున్నారు, దిగుతున్నారు, ఇంకా దిగుతున్నారు. చివర్లో మేక దిగింది. దాన్ని మెట్ల కమ్మికి కట్టేశారు. "ఒక్క రాత్రే అంకుల్. రేపు సాయంత్రం సమ్మక్క చిలకలగుట్ట దిగుతది, ఆలోపు పోవాలె" అన్నాడు కిరాయిదారు. సమ్మక్క పేరు చెప్పాక ఓరుగల్లు గడ్డ మీద ఎవడు కాదంటాడు? ఎంతమంది అని కూడా అడగలేకపోయాను. అడిగితే మొక్కు లెక్కపెట్టినట్టవుతుందని మా ఇంటావిడ కళ్లతోనే ఆపింది.

నాకింకో టెన్షన్ ఉంది. మా పక్క పోర్షన్ ఖాళీ. నవంబరు ఆఖర్లో మొదలైన శుక్ర మూఢం ఫిబ్రవరి దాకా ఉంది. మూఢంలో ఎవరూ ఇల్లు మారరు, చూడ్డానికి కూడా రారు. టులెట్ బోర్డు ఎండకు వెలిసిపోయి 'టు' ఎగిరిపోయి 'లెట్' మిగిలింది. అట్లాంటిది జగిత్యాల నుంచి బదిలీ మీద వచ్చిన ఒక బ్యాంకు సారు, గురువారం పొద్దున తొమ్మిదింటికి భార్యతో వచ్చి చూస్తానన్నాడు.

గురువారం తెల్లవారుజామున చలి బాగా ఉంది. పైన చుట్టాలందరికీ వేన్నీళ్లు కావాలి. వాళ్లింట్లో గీజరుంది, కానీ మీటరు 196 మీద ఉంది. ఇంకేముంది, హీటర్ రాడ్డు, బకెట్టు మెట్ల కిందికి దిగాయి.

"ఎట్లాగూ జంపన్న వాగుల తానం చేస్తరు కదనయ్యా, ఇక్కడ వేన్నీళ్లెందుకు?" అంది మా ఇంటావిడ.

"అది పుణ్యానికి ఆంటీ, ఇది చలికి."

ఆ జవాబుకు ఆమె దగ్గర ప్రశ్న లేదు. అదే బాక్సుకు ఫస్ట్ ఫ్లోర్ మేడమ్ చట్నీకి మిక్సీ తగిలించింది. ఆమె పక్క పోర్షన్ అబ్బాయికి డ్యూటీ టైమవుతోంది, ఇస్త్రీ పెట్టె తగిలించాడు. పెంట్‌హౌస్ పిల్లగాళ్లు ఇండక్షన్ స్టవ్ పట్టుకొచ్చి మెట్ల మీదే మ్యాగీ పెట్టారు. ఇంతలో ట్యాంకులో నీళ్లయిపోయాయని పైనుంచి కేక. మా ఇంటావిడ పోయి మోటరు స్టార్టర్ నొక్కింది.

మెట్ల లైటు దీపం బుడ్డిలా అయిపోయింది. మోటరు ఒకసారి మూలిగింది. తర్వాత 'టప్'మని చప్పుడు, వాసన, పొగ. మేక అరిచింది.

ఫ్యూజు తీసి చూస్తే పచ్చగా, చల్లగా, నిండు నూరేళ్లు బతికేలా ఉంది. అందులో బట్టలారేసే తీగంత లావు రాగి వైరు. "మాటిమాటికి పోతున్నదని నేనే మంచిగ చేసిన అంకుల్" అన్నాడు పెంట్‌హౌస్‌లో ట్రిపుల్ ఈ చదివే పిల్లగాడు. కాలాల్సిన ఫ్యూజు క్షేమం. కాలకూడని స్టార్టర్ బూడిద.

ఉత్తర తెలంగాణ అంతటికీ కరెంటిచ్చే సంస్థ హెడ్డాఫీసు మా ఊళ్లోనే, నక్కలగుట్టలో ఉంది. కానీ మీటర్ దాకే వాళ్లది. మీటర్ దాటాక కాలిపోయేదంతా మన సొంత ఆస్తి. ఎప్పుడూ వచ్చే ఎలక్ట్రీషియన్‌కు ఫోన్ చేశాను. అవతల మేడారం దారిలో డప్పులు, శివాలు. "సార్, గట్టమ్మకు మొక్కి పస్రా దాటినం. శనివారం తల్లులు వనం పోయినంక వస్త" అన్నాడు. నీళ్లెట్లా అంటే "దండం పెట్టుకుంట సార్ మీ పేరు మీద" అని పెట్టేశాడు.

సరిగ్గా తొమ్మిదింటికి బ్యాంకు సారు దంపతులొచ్చారు. ఆమె చేతిలో ఫోన్, ఫోన్‌లో దిక్సూచి. వంటగది ఆగ్నేయం, సరే. పడకగది నైరుతి, సరే. ఈశాన్యంలో సంపు, సంతోషం. నాకు ప్రాణం లేచొచ్చింది. అప్పుడామె సింకు దగ్గరికి పోయి పంపు తిప్పింది. 'ఫుస్స్' అని గాలి వచ్చింది.

"నీళ్ల ప్రాబ్లం ఉన్నదా?" అన్నాడు సారు.

"అబ్బే, ట్యాంకు కడిగిస్తున్నం" అన్నాను. "జాతర కదా, శుభ్రంగా ఉండాలని."

నా మాట పూర్తి కాకముందే బకెట్లతో ఊరేగింపు మొదలైంది. సంపు మూత తీసి చుట్టాలు తాడుతో నీళ్లు చేదుతున్నారు. చేతులు మారుతూ బకెట్లు సెకండ్ ఫ్లోర్ దాకా ఎక్కుతున్నాయి. వాళ్లకేం విసుగు లేదు, పాటలు కూడా పాడుతున్నారు. ఫస్ట్ ఫ్లోర్ మేడమ్ గుమ్మంలోకొచ్చి, "అంకుల్, నేనైతే మిక్సీ ఒక్కటే పెట్టిన, స్టార్టర్ పైసలు నా మీద ఎయ్యొద్దు" అంది. సెకండ్ ఫ్లోర్ ఆయన, "దేవుని పనికి వచ్చినోళ్లు, వాళ్లని అడుగుతమా?" అన్నాడు. ఇస్త్రీ అబ్బాయి డ్యూటీకి పోయాడు కాబట్టి తప్పంతా కాసేపు అతని మీద ఉంది. ఇంతలో ట్రిపుల్ ఈ పిల్లగాడు పుస్తకం పట్టుకొచ్చాడు. "రాడ్డు 1500, ఇండక్షన్ 2000, ఇస్త్రీ పెట్టె 1000, మిక్సీ 750. మొత్తం 5250 వాట్లు. 230తో భాగిస్తే దాదాపు 23 ఆంపియర్లు. మీ ప్లగ్గు ఆరు ఆంపియర్లదే అంకుల్. పైంగ మోటరు." లెక్క కరెక్టే. ఇరవైకి ఇరవై వేయొచ్చు. 'మీ ప్లగ్గు' అన్నాడు చూశారా, అక్కడ మాత్రం మార్కులు కోస్తాను.

సారు భార్య మేకను చూసి, "ఇది కూడా కిరాయికుంటదా?" అనడిగింది. ఇయ్యాల్నే పోతదమ్మా అన్నాను. ఇక వీళ్లు కూడా పోతారని ఖాయం చేసుకున్నాను.

బ్యాంకు సారు మాత్రం కదల్లేదు. మెట్ల కిందికి వంగి, మాడిపోయిన ప్లగ్గును శ్రద్ధగా చూశాడు. ఫోన్ లైటు వేసి మరీ చూశాడు.

"ఇదేనా అందరు వాడుకునేది?"

"ఇదే."

"దీని బిల్లు ఎవరు కడతరు?"

"నేనే."

"స్టార్టరు?"

"అదీ నేనే."

ఆయన భార్య వైపు చూశాడు. ఆమె ఫోన్‌లో దిక్సూచి కట్టేసింది. రెండు నెలల అడ్వాన్సు అక్కడికక్కడే ఫోన్‌పే చేశాడు. పదకొండు నెలల అగ్రిమెంట్‌కు ఆధార్ జిరాక్సులు కూడా రెడీగా తెచ్చుకున్నాడు.

"మూఢం పోయినంకనే దిగుతం సార్" అన్నాడు చెప్పులేసుకుంటూ. "మాదొక ఎలక్ట్రిక్ స్కూటర్ ఉన్నది. దానికి మూఢం లేదు కదా, రేపే తెచ్చి పెడత."