'ఒంట్లో సత్తువ లేదంతే'

మా మేనత్త వంటింటి గోడకు వేలాడే తెలుగు క్యాలెండరే ఆమె లెక్కల పుస్తకం. పాలు రాని రోజు, గ్యాస్ బండ మార్చిన రోజు, పరగడుపున షుగర్ ఎంతుందో అన్నీ ఆ గళ్లలో పెన్నుతో రాసుకునేది. మావయ్య చనిపోయిన ఏడాది చూస్తే, శ్రావణం నుంచి గళ్లన్నీ ఖాళీ. అడిగితే 'నాకేం జబ్బురా, ఒంట్లో సత్తువ లేదంతే' అంది. మోకాళ్ల నొప్పులకు ఒక డాక్టర్, కడుపుబ్బరానికి ఇంకొకరు, నిద్రకు మరొకరు మందులు రాశారు. స్కానింగులన్నీ నార్మల్. 'ఈ వయసులో మామూలే' అన్నారు. అది డిప్రెషన్ అని తేలడానికి ఏడాదిన్నర పట్టింది.

ఆ 'మామూలే' అనే మాట మీదే నా కోపమంతా. తోడు పోతే దుఃఖం మామూలే. కానీ వారాల తరబడి దేని మీదా ధ్యాస లేకపోవడం, తిండి సయించకపోవడం, తెల్లవారుజామున మూడింటికే మెలకువ వచ్చి మళ్లీ కన్ను మూతపడకపోవడం వయసుతో వచ్చేవి కావు. అది జబ్బు. 2017-18లో దేశమంతటా 72 వేల మందికి పైగా పలకరించిన లాసీ అనే వృద్ధాప్య అధ్యయన సర్వేలో, 60 ఏళ్లు దాటినవాళ్లలో 8.3 శాతం మందికి డిప్రెషన్ లక్షణాలు కనిపించాయి. ఆ జబ్బు ఉందని డాక్టర్ ఎప్పుడైనా చెప్పారన్నవాళ్లు 0.8 శాతమే. పదింతల తేడా!

మన పెద్దవాళ్లు 'మనసు బాగాలేదు' అనరు. గుండె దడ అంటారు, కాళ్లు లాగేస్తున్నాయంటారు, ఏమీ తోచడం లేదంటారు. మా బావ డాలస్ నుంచి రోజూ ఫోన్ చేసి 'బాగున్నావా అమ్మా' అనేవాడు. 'బాగున్నా' అనేది అత్తయ్య. ఏడాదిన్నర పాటు ఆ రెండు ముక్కలే.

ఈలోపు దెబ్బ తినేది ఒళ్లు. నడక ఆగిపోతుంది, కండ కరిగిపోతుంది, బాత్రూంలో కాలు జారితే తుంటి విరుగుతుంది. బీపీ, షుగర్ మాత్రలు వేసుకోవడం తప్పిపోతుంది. గుండెపోటు వచ్చినవాళ్లకు డిప్రెషన్ తోడైతే ప్రాణానికి ముప్పు పెరుగుతుందని అమెరికన్ హార్ట్ అసోసియేషన్ 2014లోనే చెప్పింది. మతిమరుపు సంగతి ఇంకా చిక్కు. డిమెన్షియా అనుకున్నది డిప్రెషన్ కావచ్చు, చికిత్సతో జ్ఞాపకం మెరుగుపడొచ్చు. ఒక్కోసారి డిమెన్షియానే మొదట దిగులుగా కనిపిస్తుంది. థైరాయిడ్, బీ12 లోపాల వల్లా ఇలాగే ఉండొచ్చు కాబట్టి రక్తపరీక్షలు ముందు చేయించాలి.

బైపోలార్ జబ్బుకు, అంటే కొన్నాళ్లు దిగులు, కొన్నాళ్లు మితిమీరిన హుషారు వచ్చే జబ్బుకు, ఏళ్లుగా లిథియం అనే మందు వాడుతూ వృద్ధాప్యంలోకి వచ్చినవాళ్ల గురించి ఎవరూ మాట్లాడరు. నొప్పులకని మెడికల్ షాపులో ఐబుప్రోఫెన్, డైక్లోఫెనాక్ లాంటివి కొని వేసుకుంటే రక్తంలో లిథియం పెరిగిపోతుంది. చేతులు వణుకుతాయి, నడక తూలుతుంది, మాట తడబడుతుంది. ఇంట్లోవాళ్లు వయసు మీద పడిందనుకుంటారు. నిజానికి అది వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్లాల్సిన పరిస్థితి.

డిప్రెషన్ మందులు పనిచేస్తాయి, కాకపోతే వారాలు పడుతుంది. పెద్దవాళ్లకు తక్కువ డోసుతో మొదలుపెడతారు. కొందరిలో రక్తంలో సోడియం పడిపోతుంది కాబట్టి రక్తపరీక్ష అడిగి చేయించుకోవాలి. పది రోజులకే 'గుణం లేదు' అని మానేసేవాళ్లే ఎక్కువ. మా అత్తయ్య కూడా రెండుసార్లు మానేయబోయింది. ఆరో వారంలో, పులుసులో ఉప్పు చాల్లేదని కోడలి మీద విసుక్కుంది. ఎన్నాళ్ల తర్వాతో ఆమెకు రుచి తెలిసింది. ఆ విసుగు విని ఇంటిల్లిపాదీ సంతోషించాం.

ప్రతి నెలా బీపీ, షుగర్ చూసే చోటే ఇంకో రెండు ప్రశ్నలు అడగొచ్చు: ఈ రెండు వారాల్లో దిగులుగా ఉందా, ఇష్టమైన పనుల మీద కూడా మనసు పోవడం లేదా? పీహెచ్‌సీలో నర్సు అడిగినా చాలు, రెండు నిమిషాల పని. ఆసుపత్రికి రామని మొండికేస్తే, 2022 అక్టోబరులో మొదలైన టెలి-మానస్ అనే ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ ఉంది. 14416కు చేస్తే ఉచితంగా, తెలుగులోనే మాట్లాడతారు. పెద్దవాళ్లు తమంతట తాము చేయరు. ముందు కొడుకో కూతురో చేయాలి.