లోన్ ఆఫీసర్ మనవాడే, మరి లైసెన్స్ ఏ రాష్ట్రానిది?

టెక్సాస్‌లోని ఫ్రిస్కోలోనో, న్యూజెర్సీలోని ఎడిసన్‌లోనో ఇల్లు కొనాలనుకున్న తెలుగు కుటుంబం ముందుగా వాట్సాప్ గ్రూపులో ఒక మెసేజ్ పెడుతుంది: ‘మంచి లోన్ ఆఫీసర్ ఎవరైనా తెలిస్తే చెప్పండి’. కాసేపట్లోనే నాలుగైదు పేర్లు వచ్చేస్తాయి. ‘మనవాడే, తెలుగాయనే, పని చకచకా చేసిపెడతాడు’ అనే మాట కూడా దాంతోపాటే వస్తుంది. ఆ తర్వాత వడ్డీ రేటు ఎంత, క్లోజింగ్ ఖర్చు ఎంత అని అడుగుతారు. మనం ఇల్లు కొంటున్న రాష్ట్రంలో ఆయనకు లైసెన్స్ ఉందా అని అడిగేవాళ్లు మాత్రం తక్కువ. రేపు ఏదైనా తేడా వస్తే ఎవరి తలుపు తట్టాలన్నది తేలేది ఆ ప్రశ్నతోనే.

ఇండియాలో పెరిగిన మనకు ఇది కొత్త. అక్కడ హోమ్ లోన్ అంటే పైన దేశమంతటికీ ఒకే ఆర్‌బీఐ. అమెరికాలో అలా కాదు. బ్యాంకు కాని మార్ట్‌గేజ్ (ఇంటి తనఖా అప్పు) కంపెనీ ఏ రాష్ట్రంలో అప్పు ఇవ్వాలన్నా ఆ రాష్ట్రం లైసెన్స్ తీసుకోవాలి. అప్పు దరఖాస్తు తీసుకునే లోన్ ఆఫీసర్‌కూ విడిగా లైసెన్స్ కావాలి. ఆయన ఆఫీసు ఎక్కడుందన్నది కాదు, ఇల్లు ఎక్కడుందన్నదే లెక్క. న్యూజెర్సీలో కూర్చుని ఫ్రిస్కో ఇంటికి లోన్ చేసే మనిషికి టెక్సాస్ లైసెన్స్ ఉండాలి. ఈ రోజు అమెరికాలో ఇళ్ల అప్పుల్లో సగానికి పైగా ఇలాంటి బ్యాంకేతర కంపెనీల నుంచే వస్తున్నాయి కాబట్టి ఇది పక్కన పెట్టే విషయం కాదు.

ఈ పద్ధతి ఊరికే రాలేదు. 2008 సంక్షోభానికి ముందు ఆదాయం రుజువు కూడా అడగకుండా అప్పులు అంటగట్టారు. ఒకచోట మోసం చేసి పట్టుబడ్డవాడు పక్క రాష్ట్రానికి వెళ్లి మళ్లీ దుకాణం తెరిచేవాడు. ప్రమాదాన్ని ముందే పసిగట్టిన రాష్ట్రాలు లేకపోలేదు. దోపిడీ అప్పులకు అడ్డుకట్టగా నార్త్ కరోలినా 1999లోనే చట్టం చేసింది. కానీ జాతీయ బ్యాంకులకు ఇలాంటి రాష్ట్ర చట్టాలు వర్తించవని వాటి ఫెడరల్ (కేంద్ర) నియంత్రణ సంస్థ ఓసీసీ 2004లో రూల్స్ తెచ్చింది. వకోవియా బ్యాంకు మార్ట్‌గేజ్ అనుబంధ సంస్థను పర్యవేక్షించే హక్కు మిషిగన్ రాష్ట్రానికి లేదని 2007లో సుప్రీంకోర్టు కూడా చెప్పింది. ఆ మరుసటి ఏడాదే ఇళ్ల అప్పుల మార్కెట్ కుప్పకూలింది. జనానికి దగ్గరగా ఉన్న రాష్ట్రాల చేతులు సరిగ్గా అవసరమైన సమయంలోనే కట్టేశారన్నది నా అభిప్రాయం. ఆ మూల్యం కట్టింది ఇళ్లు పోగొట్టుకున్న కుటుంబాలే.

మోసగాళ్లు రాష్ట్రం మారి తప్పించుకునే లొసుగును 2008 జులైలో వచ్చిన ఫెడరల్ చట్టం ‘సేఫ్’ కొంతవరకు పూడ్చింది. లోన్ ఆఫీసర్ కావాలంటే 20 గంటల చదువు, 75 శాతం మార్కులతో పరీక్ష పాస్ కావడం, వేలిముద్రలు, నేర చరిత్ర తనిఖీ, క్రెడిట్ రిపోర్టు తప్పనిసరి అయ్యాయి. మోసం, నమ్మకద్రోహం లాంటి పెద్ద నేరంలో శిక్ష పడితే ఇక ఎప్పటికీ లైసెన్స్ రాదు. లైసెన్స్ నిలుపుకోవాలంటే ఏటా 8 గంటల క్లాసులు ఉంటాయి. అందరి వివరాలూ ఎన్‌ఎంఎల్‌ఎస్ అనే దేశవ్యాప్త రిజిస్ట్రీలో ఉంటాయి. వడ్డీ, ఖర్చుల అంచనాతో మీకిచ్చే లోన్ ఎస్టిమేట్ కాగితం మీద కంపెనీ పేరు, ఆఫీసర్ పేరు పక్కన కనిపించే నంబర్ ఆ రిజిస్ట్రీదే. ఎన్‌ఎంఎల్‌ఎస్ కన్స్యూమర్ యాక్సెస్ వెబ్‌సైట్‌లో ఆ నంబర్ కొడితే ఆయన ఏయే రాష్ట్రాల్లో పని చేయవచ్చో, నియంత్రణ సంస్థలు ఆయన మీద బహిరంగంగా ఏమైనా చర్య తీసుకున్నాయో తెలుస్తుంది. పైసా ఖర్చు లేదు.

కాగితం మీద రూల్స్ ఉంటే సరిపోతుందా అని అడగవచ్చు. 2022 జనవరిలో జరిగింది చూడండి. ఏటా చేయాల్సిన క్లాసులకు హాజరు కాకుండానే అయినట్టు చూపించిన 400 మందికి పైగా లోన్ ఆఫీసర్లను 40కి పైగా రాష్ట్రాలు కలిసి పట్టుకున్నాయి. మూడు నెలలు లైసెన్స్ వదులుకోవాలి, లైసెన్స్ ఉన్న ఒక్కో రాష్ట్రానికి 1,000 డాలర్ల చొప్పున జరిమానా కట్టాలి అన్న షరతులతో రాజీ కుదిరింది. ఇంత చిన్న తప్పుకు ఇంత పట్టింపా అని కొందరికి అనిపించవచ్చు. నాకైతే అలా అనిపించలేదు. తన క్లాసుల్లోనే దొంగలెక్క చూపేవాడు మన ఆదాయం లెక్కల్లో చేతివాటం చూపడని ఏం నమ్మకం?

బ్యాంకు ఉద్యోగుల సంగతి వేరు. పెద్ద బ్యాంకులో పనిచేసే లోన్ ఆఫీసర్‌కూ ఎన్‌ఎంఎల్‌ఎస్ నంబర్ ఉంటుంది కానీ అది కేవలం రిజిస్ట్రేషన్. రాష్ట్ర పరీక్ష రాయనక్కర్లేదు. ఒకే రకం అప్పు అమ్మే ఇద్దరిలో ఒకరికే పరీక్ష పెట్టడం ఏ రకంగా న్యాయమో నాకు అర్థం కాదు. బ్యాంకు కాబట్టి ఎక్కువ భద్రత అని మనవాళ్లు అనుకుంటారు. ఈ విషయం వరకు అది నిజం కాదు.

ఇక ఉద్యోగం పోయినప్పటి సంగతికి వద్దాం. హెచ్1బీ మీద ఉన్నవాళ్లకు అన్నిటికన్నా పెద్ద టెన్షన్ ఇదే. ఉద్యోగం పోతే కొత్తది వెతుక్కోవడానికి గరిష్ఠంగా 60 రోజులే గడువు. ఆ భయంలో ఇల్లు ఎలాగూ పోతుందనుకుని వచ్చిన ధరకు అమ్మేసేవాళ్లు ఉంటారు. అప్పు చట్టం చెప్పేది వేరు. కంతు కట్టడం ఆలస్యమై 120 రోజులు దాటేదాకా సాధారణంగా ఫోర్‌క్లోజర్‌కు, అంటే బాకీ కింద ఇల్లు లాక్కోవడానికి, మొదటి అడుగే వేయకూడదు. అంతకన్నా ముందే, 36వ రోజు లోపు సర్వీసర్ కంపెనీ (కంతులు వసూలు చేసే సంస్థ) మీతో మాట్లాడే ప్రయత్నం చేయాలి. 45వ రోజు లోపు మీ ముందున్న మార్గాలేమిటో రాసి పంపాలి. సాయం కోరుతూ పూర్తి దరఖాస్తు సకాలంలో పెడితే, అది తేలేదాకా ఇల్లు వేలం వేయకూడదు. వీసా గడియారం 60 దగ్గర ఆగినా ఇంటి గడియారం ఇంకా నడుస్తూనే ఉంటుంది. ఇది తెలియక ఫోన్ ఎత్తకుండా, ఉత్తరాలు విప్పకుండా రోజులు గడిపేయడమే అసలు నష్టం.

ఆ తర్వాత జరిగేది ఏ రాష్ట్రంలో ఉన్నామన్నదాన్ని బట్టి పూర్తిగా మారిపోతుంది. న్యూజెర్సీలో అప్పిచ్చినవాడు ముందు కనీసం 30 రోజుల నోటీసు ఇచ్చి, తర్వాత కోర్టుకు వెళ్లాలి. టెక్సాస్‌లో చాలా వరకు కోర్టు మెట్లు ఎక్కాల్సిన పనే లేదు. బాకీ కట్టడానికి 20 రోజులు, వేలానికి ముందు 21 రోజుల నోటీసు, ఆపైన నెలలో మొదటి మంగళవారం కౌంటీలో వేలం. అదే టెక్సాస్ మరో విషయంలో మాత్రం చాలా గట్టిగా ఉంటుంది. ఉన్న ఇంటి విలువను పూచీగా పెట్టి హోమ్ ఈక్విటీ అప్పు తీసుకుంటే మొత్తం అప్పులు ఇంటి విలువలో 80 శాతం దాటకూడదని రాష్ట్ర రాజ్యాంగంలోనే రాసుకుంది. కాబట్టి ‘అమెరికాలో రూల్ ఏమిటి’ అనే ప్రశ్నకు సగం జవాబే ఉంటుంది. మిగతా సగం మీ రాష్ట్రం చెప్పాలి.

ఇప్పుడు ఇది ఎందుకు ముఖ్యమంటే, 2025 ఫిబ్రవరిలో ఫెడరల్ వినియోగదారుల ఆర్థిక రక్షణ సంస్థ సీఎఫ్‌పీబీ సిబ్బందిని కొత్త ప్రభుత్వం పని ఆపేయమంది. కోర్టు కేసులు నడిచాయి, కానీ ఆ సంస్థకు మునుపటి దూకుడు లేదు. చట్టాలు మాత్రం రద్దు కాలేదు. 2010 నాటి డాడ్-ఫ్రాంక్ చట్టం ప్రకారం, రాష్ట్ర లైసెన్స్ ఉన్న కంపెనీ మీద రాష్ట్ర నియంత్రణ సంస్థ కూడా ఆ ఫెడరల్ చట్టాన్ని అమలు చేయించవచ్చు. ఢిల్లీ పలకకపోతే జిల్లా కలెక్టరేట్‌కు వెళ్లినట్టు, ఇక మనకు మిగిలిన దగ్గరి గడప రాష్ట్రానిదే.

రాష్ట్రాలు నిజంగా కదులుతాయా అంటే, కదిలిన సందర్భాలున్నాయి. 2021 ఏప్రిల్‌లో ఏసీఐ వరల్డ్‌వైడ్ అనే చెల్లింపుల సంస్థ పొరపాటుతో మిస్టర్ కూపర్ కంపెనీకి కంతులు కట్టే దాదాపు 5 లక్షల మంది ఖాతాల నుంచి 230 కోట్ల డాలర్లు లాగే ఆదేశాలు వెళ్లిపోయాయి. ఒక్క కంతుకు బదులు కొందరికి మూడు నాలుగు కంతులు పోయినట్టు కనిపించాయి. ఆ కేసులో రాష్ట్రాల నియంత్రణ సంస్థలు, అటార్నీ జనరళ్లు (రాష్ట్ర ప్రభుత్వ ప్రధాన న్యాయాధికారులు) కలిసి 2023లో ఏసీఐని రాజీకి తెచ్చి జరిమానా కట్టించారు.

మనవాళ్లలో ఇంకో అలవాటు గురించి చెప్పాలి. ‘మా లోన్ ఆఫీసర్ దగ్గరికి పంపితే నీకూ ఏదో ఒకటి ఇస్తాడు’ అని స్నేహితులకు చెబుతుంటారు. మార్ట్‌గేజ్ కస్టమర్‌ను పంపినందుకు డబ్బు, గిఫ్ట్ కార్డు లాంటివి ఇవ్వడం, తీసుకోవడం రెండూ రెస్పా అనే ఫెడరల్ చట్టం కింద నేరమే. 10,000 డాలర్ల దాకా జరిమానా, ఏడాది దాకా జైలు పడవచ్చు. పైగా ఆ ఖర్చు చివరికి చేరేది మీ స్నేహితుడి వడ్డీ రేటులోనే.

మూడు రోజుల్లో లోన్ రద్దు చేసుకోవచ్చన్న నమ్మకం కూడా సగమే నిజం. ఉంటున్న ఇంటిని రీఫైనాన్స్ చేసినప్పుడు, అంటే పాత లోన్ తీర్చి కొత్తది తీసుకున్నప్పుడు, సాధారణంగా ఆ హక్కు ఉంటుంది, కొత్త ఇల్లు కొన్న లోన్‌కు ఉండదు. లోన్ వేరే కంపెనీకి మారితే పాత కంపెనీ 15 రోజుల ముందు ఉత్తరం పంపాలి. మారిన 60 రోజుల్లో పొరపాటున పాతవాళ్లకే గడువులోగా కంతు కట్టినా దాన్ని ఆలస్యంగా లెక్కగట్టకూడదు. ఆటోపే మాత్రం దానంతట అది మారదు, మీరే చూసుకోవాలి.

ఇంత తెలిసినా ఫిర్యాదు దగ్గరికి వచ్చేసరికి మనవాళ్లు వెనకడుగు వేస్తారు. వీసాకు ఏమైనా ఇబ్బంది అవుతుందేమో, గ్రీన్‌కార్డు ఫైల్ మీద ఏమైనా పడుతుందేమో అని. టెక్సాస్‌లో ఫిర్యాదు వెళ్లేది సేవింగ్స్ అండ్ మార్ట్‌గేజ్ లెండింగ్ శాఖకు, న్యూజెర్సీలో బ్యాంకింగ్ అండ్ ఇన్సూరెన్స్ శాఖకు. ఇవి రాష్ట్ర ప్రభుత్వ శాఖలు, ఇమిగ్రేషన్ ఆఫీసులు కావు. లాయర్ అవసరం లేకుండా ఆన్‌లైన్‌లో రాసి పంపవచ్చు. లోన్ ఎస్టిమేట్, క్లోజింగ్ డిస్‌క్లోజర్ (లోన్ చివరి లెక్కల పత్రం), కంపెనీ ఉత్తరాలు ఒక ఫోల్డర్‌లో ఉంచుకోండి, ఎన్‌ఎంఎల్‌ఎస్ నంబర్ ఆ కాగితాల మీదే ఉంటుంది.