పెళ్లిళ్ల పేరయ్యగా మారిన నక్కల గుడికి

శ్రీ తొయోఇవా ఇనారి వారికి,
గింజా 7వ చోమే, టోక్యో.

అయ్యా, లేదా అమ్మా,

మీరు వరిపంటకు దేవుడైన ఇనారి, నక్కలు మీ దూతలు. మిమ్మల్ని ఒకచోట వరిమోపు మోసే ముసలాయనగా, ఇంకోచోట తెల్ల నక్కనెక్కిన ఆడదేవతగా గీస్తారు. అందుకే రెండూ రాశాను. ఏమనుకోకండి.

జపాన్‌లో అత్యంత ఖరీదైన నేల గింజా. అక్కడ మీకు దక్కింది రెండు బిల్డింగుల మధ్య సందు. ఎదురుగా ఎవరైనా వస్తే గోడకు ఒత్తిగిల్లాలి. సందు మొదట్లో మీ పేరు చెక్కిన రాతిస్తంభం లేకపోతే, సరుకు దించుకునే దారి అనుకుని వెళ్లిపోయేవాణ్ణి.

అసలు విషయానికొస్తాను. మిమ్మల్ని అక్కడ నిలబెట్టింది యసుదా సకుబే అనే సమురాయ్ అని మీ స్థలపురాణం. ఆయన ప్రభువు అకెచి మిత్సుహిదే 1582లో క్యోటోలోని హొన్నోజీ గుడిలో ఉన్న తన యజమాని ఒదా నొబునాగా మీదే తిరగబడి, కొరివితో తల గోక్కున్నాడు. ఆ తెల్లవారుజామున నొబునాగాను ఈటెతో పొడిచింది ఈ యసుదాయేనంటారు. పదకొండు రోజులకే మిత్సుహిదే యమజాకిలో ఓడి, ప్రాణం పోగొట్టుకున్నాడు. జపాన్ వాళ్లు ఇప్పటికీ దాన్ని ‘మూడు రోజుల రాజ్యం’ అంటారు. మన మూడునాళ్ల ముచ్చటే.

యసుదా మిమ్మల్ని అడిగింది ఒక్కటే: అకెచి వంశాన్ని మళ్లీ నిలబెట్టమని. అదీ ఎడో కాలం మొదట్లోనట. ఎడో కాలం మొదలైంది 1603లో, ఆయన పోయింది మాత్రం 1597లోనే అంటారు. చచ్చాక కూడా వచ్చి దరఖాస్తు పెట్టుకున్న మనిషిని అన్నేళ్లు తిప్పుకుంటారా? అదృష్టం పట్టినవాణ్ణి మేం నక్క తోక తొక్కాడంటాం. మీ వాకిట్లోనే నక్కలున్నా పాపం ఆయన కాలికి ఒక్క తోకా తగల్లేదు.

ఈలోగా మీరేమో అగ్నిప్రమాదాల నుంచి కాపాడే శాఖ తీసుకున్నారు. గింజా 1872లో తగలబడింది, 1923 భూకంపంలో కాలింది, 1945లో బాంబులకు మళ్లీ కాలింది. ఆ శాఖ గురించి ఇంక అడగను.

ఇప్పుడు మీరు పెళ్లిళ్ల పేరయ్య. సంబంధాలు కుదురుస్తారని జనం వస్తారు. నిజం చెప్పాలంటే అకెచి రక్తానికి కలిసొచ్చింది కూడా ఒక పెళ్లి సంబంధమే. మిత్సుహిదే కూతురు తమా, హొసొకావా అనే ప్రభువుల ఇంటి కోడలైంది. ఆమె కొడుకు తదతోషి 1632లో 5,40,000 కొకుల (కొకు అంటే ఒక మనిషికి ఏడాదికి సరిపడే) బియ్యం రాబడి ఉన్న కుమమొతో సంస్థానానికి ప్రభువయ్యాడు. ఆ క్రెడిట్ మీకే ఇద్దామనుకున్నాను. కానీ పెళ్లి జరిగింది 1578లో. అప్పటికి మీ గుడే లేదు.

ఇట్లు,
సందు బయట నిలబడ్డ ఒక భక్తుడు

తా.క.: మీ నక్కలకు నూనెలో వేయించిన టోఫు ఇష్టమంటే తెచ్చాను. రసీదు యసుదా గారి పేరు మీద రాయండి.