వడ్డించేవాడిది ఏ బంతి?

వడ్డించేవాడు మనవాడైతే కడబంతిలో కూర్చున్నా ఫర్వాలేదని మన పెద్దలు ఎప్పుడో తేల్చేశారు. వడ్డించేవాడు ఏ బంతిలో కూర్చోవాలో మాత్రం చెప్పలేదు. మర్చిపోయి కాదు, వాడు కూర్చునే ప్రసక్తే లేదు కాబట్టి.

డిగ్రీ అయ్యాక ఉద్యోగం దొరికేలోపు, గుంటూరు బ్రాడీపేటలో ఒక టిఫిన్ హోటల్లో ఆరు నెలలు సర్వర్‌గా చేశాను. అరవై కుర్చీల హోటలు. పొద్దున్నే ఐదింటికి వాటిని బల్లల మీద నుంచి దించేది మేమే, రాత్రి పదింటికి తుడిచి ఎక్కించేదీ మేమే. మధ్యలో వాటితో మాకు ఏ సంబంధమూ ఉండకూడదు.

మా ఓనరు గారి వాదన చాలా గట్టిది. జనం ఉంటే పనుంటుంది కాబట్టి నిలబడాలి. జనం లేకపోతే, సర్వర్లు కూర్చుని కనిపిస్తే వచ్చేవాళ్లు కూడా రారు కాబట్టి నిలబడాలి. ఈ తర్కాన్ని పూర్తిగా జీర్ణించుకున్నవాడు మా సీనియర్ ఒకాయన. వయసు యాభై ఐదు, పిక్కల మీద నరాలు తాళ్లలా ఉబ్బి ఉండేవి. కోచింగ్ సెంటర్ కుర్రాళ్లు ఆయన్ని "చిన్నా" అని పిలిచేవారు. వయసు తగ్గించే ఇలాంటి వైద్యం ఏ ఆస్పత్రిలో దొరుకుతుంది? మామూలుగా "బాబూ", ఆకలి ముదిరితే "ఏయ్", సాంబారు ఆలస్యమైతే వట్టి చిటిక. మా అందరికీ అవే పేర్లు.

పేర్లంటే గుర్తొచ్చింది. ఉప్మా పెట్టిన పెసరట్టుకి ఎమ్మెల్యే పేరు పెట్టుకున్నాం. అలాంటివి నాలుగు ప్లేట్లు ఎడమ చేతి మీద పేర్చి మోసుకొచ్చేవాడి పేరు మీద అల్లం చట్నీ కూడా లేదు. పెనం ముందుండే దోశ మాస్టర్ సంగతి సరేసరి. రోహిణి కార్తెలో రోళ్లు పగులుతాయని ఊరంతా గోల పెడుతుంది గానీ, ఆయనకి ఏడాది పొడుగునా రోహిణి కార్తే. కారం తగ్గిందని తిట్లు తినడానికి మాత్రం మళ్లీ మేమే. ఎక్కువైందని ఎవరూ తిట్టలేదు, గుంటూరు గురించి అబద్ధం చెప్పకూడదు.

కేరళ 2018లో, తమిళనాడు 2021లో చట్టాలు సవరించి, దుకాణాల్లో పనిచేసేవాళ్లకి కూర్చునే హక్కు ఇచ్చాయట. చదివి కంగారుపడ్డాను. ఇవాళ కుర్చీ అడిగినవాడు రేపు ఫ్యాన్ అడగడా? మన రాష్ట్రానికీ 1988 నాటి దుకాణాల చట్టం ఉంది, అందులో వారానికో రోజు సెలవు ఉంది. మా హోటల్లోనూ ఉండేది. ఆ రోజు బత్తెం కూడా సెలవు పెట్టేది. కనీస వేతనంలో కరువు భత్యాన్ని ప్రభుత్వం ఆర్నెల్లకోసారి సవరిస్తుంది. మా జీతాల సవరణ అంతకంటే చురుగ్గా, గ్లాసు పగిలినప్పుడల్లా జరిగేది. ఎప్పుడూ కిందికే.

అన్యాయంగా మాట్లాడకూడదు, మేమూ కూర్చున్నాం. పదకొండింటికి రద్దీ తగ్గాక, వెనక గ్యాస్ బండల పక్కన, నూనె డబ్బాలు బోర్లించుకుని. డబ్బా కుర్చీ కిందికి రాదు కాబట్టి ఓనరు గారికీ అభ్యంతరం లేదు. చల్లారిన ఇడ్లీ రెండో ముక్క నోట్లో పెట్టేసరికి ముందు నుంచి చిటిక వినపడేది.

మొన్న లాడ్జి సెంటర్‌లో మా ఆవిడతో టిఫిన్‌కి వెళ్లాను. ఇస్త్రీ చొక్కా, చేతికి వాచీ, కూర్చున్నది కుర్చీలోనే. వెనక బల్ల నుంచి ఎవరో "బాబూ, నీళ్లు" అన్నారు. మా ఆవిడ నా చెయ్యి పట్టుకునేలోపే జగ్గు తీసుకుని లేచాను.