రక్తం అంటని ఉత్తరాలు

మన దర్యాప్తు సంస్థల మీద కొందరు ఊరికే నోరు పారేసుకుంటారు. కాగితాల విషయంలో అవి సాధించిన ప్రగతి వాళ్లకి తెలీదు పాపం.

2002 సెప్టెంబరు 24న గాంధీనగర్‌లోని అక్షర్‌ధామ్ గుడి మీద ఇద్దరు ముష్కరులు విరుచుకుపడి ముప్పై మందికి పైగా జనాన్ని పొట్టనబెట్టుకున్నారు. కమాండోలు ఆ ఇద్దర్నీ కాల్చి చంపారు. వాళ్ల బట్టలు తూట్లు పడ్డాయి, నెత్తురుతో మట్టితో ముద్దయ్యాయి. ప్యాంటు జేబుల్లో దొరికాయన్న రెండు ఉర్దూ ఉత్తరాలకి మాత్రం చిరుగు లేదు, మరక లేదు. మన జేబులో బస్సు టికెట్ మధ్యాహ్నానికల్లా చెమటకి పిప్పయిపోతుంది కదా! ఆ జేబులు కుట్టిన దర్జీని వెతికి పద్మశ్రీ ఇవ్వాల్సింది. ఎవరికీ తట్టలేదు.

దర్జీ బదులు, దాదాపు ఏడాది తర్వాత, ఆ ఉత్తరాలు రాశాడంటూ ఒక ముఫ్తీని, అంటే ముస్లిం మతపండితుణ్ణి, పట్టుకొచ్చారు. ఆయనతోపాటు ఇంకొందర్ని. పోలీసు అధికారి ముందు ఒప్పుకున్నా సాక్ష్యమే అని అప్పటి ఉగ్రవాద నిరోధక చట్టం పోటా చెప్పేది కాబట్టి ఆట్టే శ్రమపడకుండానే ఒప్పుకోళ్లు వచ్చేశాయి. 2006లో ప్రత్యేక కోర్టు ఆరుగురికి శిక్ష వేసింది, అందులో ముగ్గురికి ఉరి. 2010లో హైకోర్టు సరేనంది.

2014 మే 16న సుప్రీంకోర్టు ఆరుగురూ నిర్దోషులేనంది. ఉత్తరాల కథ నమ్మశక్యంగా లేదంది. విచారణకి అనుమతి ఇస్తూ గుజరాత్ హోంశాఖ సంతకం పెట్టిందే గానీ బుర్ర పెట్టలేదనీ అంది. ఎవరికి వినిపించింది? అదే రోజు లోక్‌సభ ఓట్ల లెక్కింపు. దేశమంతా టీవీలకి అతుక్కుపోయి ఉంది. ముహూర్తం అంటే అదీ.

బయటికొచ్చినవాళ్లు ఊరుకోక పరిహారం అడిగారు. ఇస్తే ప్రమాదకరమైన ఒరవడి అవుతుందని 2016లో సుప్రీంకోర్టు కాదనేసింది. నిజమే మరి. అమాయకుణ్ణి ఉరికంబం దాకా నడిపిస్తే ప్రమాదం ఒక్క మెడకే. డబ్బులివ్వడం మొదలెడితే ఖజానాకే ప్రమాదం.

ఈ దూరదృష్టి మన ఉమ్మడి రాష్ట్రానికి లేకపోయింది. 2007 మక్కా మసీదు పేలుడు తర్వాత పట్టుకెళ్లి, చివరికి ఏమీ తేలక వదిలేసిన హైదరాబాదు కుర్రాళ్లకి 2012లో పరిహారం ఇచ్చింది. పైగా 'మంచివాడే' అని క్యారెక్టర్ సర్టిఫికెట్ కూడా! మరుసటేడే హైకోర్టు ఆ పరిహారం జీవో కొట్టేసింది.

సర్టిఫికెట్ ఆలోచన మాత్రం నాకు తెగ నచ్చింది. కాకపోతే అరెస్టు చేసిన రోజే, బేడీలతోపాటు, చేతిలో పెట్టేస్తే పోలా? తర్వాత ఆఫీసుల చుట్టూ తిరిగే బాధ తప్పుతుంది.