మహారాజశ్రీ మెయిన్‌థ్రెడ్ గారికి

నా కంప్యూటర్‌లోని ఫ్లైట్ సిమ్యులేటర్ ఆటలో అసలు లెక్కలన్నీ ఒకదాని తర్వాత ఒకటిగా ఒంటరిగా చేసుకుపోయే మహారాజశ్రీ మెయిన్‌థ్రెడ్ గారి దివ్యసముఖానికి నమస్కరించి వ్రాయునది.

ఉభయకుశలోపరి అని మొదలుపెట్టాలి గానీ కుశలమంతా తమ వైపే ఉంది. మా వైపు సంగతి ఏమిటంటే, నిన్న మధ్యాహ్నం మూడుంపావుకి శంషాబాద్ 09ఆర్ రన్‌వే మీద నా ఏ320 విమానం, నా పరువు కలిసి నేలకు కొట్టుకున్నాయి. ప్రాణనష్టం లేదు. సాక్షి మాత్రం ఒకడున్నాడు. మా బావమరిది.

వాణ్ని పిలిచింది నేనే. కొత్త గ్రాఫిక్స్ కార్డు వచ్చిందిరా, ముందు కూర్చుంటే కాక్‌పిట్‌లో ఉన్నట్టే ఉంటుంది అని ఊరించి, మాగాయ అన్నం పెట్టి మరీ కూర్చోబెట్టాను. వెయ్యి అడుగుల దాకా బాగానే వచ్చాం. ఎదురుగా టెర్మినల్, దాని ముందు వరసగా ఆగిన విమానాలు కనపడ్డాయో లేదో, తమరు ఆలోచనలో పడ్డారు. "ఫిఫ్టీ" అంది విమానం గొంతు. బొమ్మ కదల్లేదు. "ఫార్టీ, థర్టీ, ట్వెంటీ" అంది. బొమ్మ ఇంకా ఫిఫ్టీ దగ్గరే ఉంది. గొంతు ముందు దిగింది, విమానం తర్వాత పడింది.

"బావా, పెళ్ళి ఆల్బమ్ తిప్పుతున్నావా?" అన్నాడు వాడు.

అప్పుడు తెరిచాను డెవలపర్ మోడ్ పట్టీ, ఆట ఎక్కడ నత్తనడక నడుస్తోందో చూపించేది. అందులో ఎర్రటి అక్షరాలు: లిమిటెడ్ బై మెయిన్‌థ్రెడ్. ఫ్రేములు, అంటే సెకనుకు తెర మీద మారే బొమ్మలు, 25. పాత కార్డుతో, ఇదే రన్‌వే మీద, ఇదే విమానానికి 24 వచ్చేవి. కొత్త కార్డు ఖరీదు 86,000 రూపాయలు. ఒక్క ఫ్రేము ధర ఎంత పడిందో నేను లెక్క కట్టను. లెక్కలన్నీ చేసేది తమరే కదా, ఆ ఒక్కటి కూడా చేసుకోండి.

తమ ఆఫీసు తీరు నాకు ఇన్నాళ్ళకు అర్థమైంది. నాది 2019 నాటి ఆరు కోర్ల ప్రాసెసర్. అంటే ఉద్యోగులు ఆరుగురు. అందులో ఐదుగురు చిన్నాచితకా పనులు చేసి టీ కొట్టు దగ్గర తేలతారు. అసలు కుర్చీలో తమరొక్కరే. గాలి ఎటు వీస్తోంది, రెక్కల ఫ్లాప్స్ ఎంత దిగాయి, చక్రం నేలను తాకిందా, కాక్‌పిట్‌లోని ఆరు తెరల మీద ఏ అంకెలు ఉండాలి, పక్కన ఆగిన విమానాన్ని చూపించాలా వద్దా, చివరికి కార్డుకు "ఇదిగో నాయనా, ఇది గియ్యి" అని చీటీ రాయడం, అన్నిటికీ తమ సంతకమే కావాలి. ఈ ఫైలంతా 33 మిల్లీసెకన్లలో తెమిల్చితే మాకు సెకనుకు 30 ఫ్రేములు. సగం సమయంలో తెమిల్చితే 60. నిన్న తమరు ఒక్కో ఫైలుకు 40 తీసుకున్నారు. నేల దగ్గరికి వచ్చాక ఒకటి రెండు ఫైళ్ళ మీద నిద్రే పోయారు.

మరి నేను 86,000 పోసి కొన్నది ఎవర్ని? చీటీ అందాక బొమ్మ గీసే పెయింటర్ని! పాపం, మహా చిత్రకారుడు. పదహారు జీబీల రంగులు వెంట తెచ్చుకున్నాడు. బ్రష్షు పట్టుకుని తమ గుమ్మం దగ్గర నిలబడి ఉన్నాడు. 38 శాతం పని, మిగతాదంతా ఎదురుచూపులు. అంగట్లో అన్నీ ఉన్నాయి, అల్లుడి నోట్లో శని ఉంది. ఆ శని తమరే.

తప్పు నాది కూడా ఉంది, కాదనను. టాస్క్ మేనేజర్ తెరిచి చూస్తే ప్రాసెసర్ 35 శాతమే పనిలో ఉందని కనపడింది. సరే, దానికి ఇంకా ఓపిక ఉంది, కొరత కార్డుదే అనుకున్నాను. ఆరుగురిలో ఒకడు చచ్చేలా చేసి, ఐదుగురు ఈగలు తోలుతుంటే సగటు అంతే వస్తుందని తట్టలేదు. పైగా విండోస్ తమర్ని కోరు నుంచి కోరుకు బదిలీ చేస్తూ ఉంటుంది కాబట్టి ఏ ఒక్క కుర్చీ నిండుగా ఉన్నట్టు కూడా కనపడదు. మా ఊరి మండలాఫీసు మస్టరు రిజిస్టరు కూడా ఇంత తెలివిగా ఉండదు.

సికింద్రాబాద్ పార్క్‌లేన్‌లో ఆ కొట్టు కుర్రాడు ఏమన్నాడో తెలుసా? "అన్నా, గీ కార్డు ఎయ్యి, మక్ఖన్ లెక్క నడుస్తది." నా ప్రాసెసర్ ఏమిటని అడగలేదు. నా మానిటర్ ఏమిటని అడగలేదు. నాది 1080 మానిటర్, చుక్కలు తక్కువున్న తెర. ఆ కాస్త తెర మీద బొమ్మ గియ్యడానికి ఆ కార్డు చిటికెన వేలు చాలు. కనీసం దానికి నాలుగింతల చుక్కలుండే 4కె మానిటర్ ఉండి ఉంటే పెయింటర్‌కు గోడ దొరికేది. కుర్రాడు అడిగింది ఒకటే: "లైట్లు ఉన్నది ఇయ్యాల్నా, లేనిది ఇయ్యాల్నా?" ఉన్నదే తీసుకున్నాను. ఇప్పుడు నా గదిలో వినాయక నిమజ్జనం లారీ ఒకటి ఏడాది పొడుగునా ఆగి ఉంటుంది.

వాపసు తీసుకోమంటే సీలు తీశావు కదన్నా అన్నాడు. సీలు తీయకుండా కార్డు ఎలా బిగించాలో కూడా అడగాల్సింది.

ఇక ఉండబట్టక ఒక మాట. నీకు సహాయకుణ్ణి పెట్టుకోవడానికి ఏం రోగం? క్షమించాలి, "తమరు" అనడం నా వల్ల కావడం లేదు. నలభై ఏళ్ళుగా నీ జాతి వ్యవహారం ఇదే. 1982లో ఐబీఎం పీసీ మీద ఫ్లైట్ సిమ్యులేటర్ వచ్చినప్పుడే, కొత్తగా పీసీలు తయారుచేసే కంపెనీలు తమ యంత్రం ఐబీఎంకు సరితూగుతుందని నమ్మించడానికి దాన్ని ఎక్కించి చూసేవి. అంటే పుట్టిన్నాటి నుంచీ యంత్రాలను ఏడిపించే పరీక్షాధికారి ఉద్యోగమే. 2006లో ఆ వరసలోనే ఎఫ్ఎస్ఎక్స్ అనే సిమ్యులేటర్ వచ్చింది. దాన్ని రాసింది దాదాపు ఒక్క కోరును నమ్ముకుని. సరిగ్గా అప్పుడే ప్రపంచం గిగాహెర్ట్జ్‌లు, అంటే ప్రాసెసర్ గడియారం వేగం, పెంచడం మానేసి కోర్లు పెంచడం మొదలుపెట్టింది. 2004లో పెంటియం 4 ప్రాసెసర్ 3.8 గిగాహెర్ట్జ్ దగ్గర ఆగిపోయింది. ఇరవై ఏళ్ళు గడిచాక, ఇవాళ గొప్ప ప్రాసెసర్ అని కొన్నా 6 దాటడం గగనం. కోర్లు మాత్రం ఒకటి నుంచి పదహారు, ఇరవై నాలుగు అయ్యాయి. ఎంతమందిని కన్నా నీ కుర్చీలో కూర్చోగలిగేది ఒక్కడే! ఇంటికి పెద్దకొడుకు సంతకం పెట్టేదాకా పొలం గట్టు కదలదన్నట్టు!

ఇంకో దారుణం చెప్పనా? ఫ్రేమ్ జనరేషన్. కొత్త కార్డుతో వచ్చింది కదా అని పొద్దున పెట్టి చూశాను. 25 కాస్తా 50 అయింది. గంతేశాను. తర్వాత స్టిక్ ఇటు లాగితే విమానం తాపీగా, మర్యాదకు అన్నట్టు తిరిగింది. నువ్వు చేసింది ఆ పాతికే. మిగతా పాతిక కార్డు మధ్యలో కల్పించి రాసిన హాజరు. మా ఊళ్ళో ఉపాధి పనుల్లో దీన్ని దొంగ మస్టరు అంటారు. పైనుంచి మేఘాలు చూస్తూ పోవడానికి బాగానే ఉంటుంది. దిగేటప్పుడు మాత్రం లేని కూలీ మట్టి తవ్వడు.

నిజానికి నీకు కావలసింది సహాయకుడు కాదట, పెద్ద బల్లట. ఇది రాత్రి పదకొండింటికి తెలిసింది. గాలి లెక్క తేలనిదే విమానం చోటు తేలదు, చోటు తేలనిదే తెర మీది అంకె తేలదు. ఒకదాని తర్వాత ఒకటి. ఆ వరసను పదిమందికి పంచలేం, అంతవరకు నీ మాట ఒప్పుకుంటున్నాను. కానీ నీ పొద్దంతా పోతున్నది లెక్కలో కాదు, కాగితం కోసం తిరగడంలో. కావలసిన కాగితం బల్ల మీద, అంటే క్యాష్‌లో, లేకపోతే లేచి రికార్డు రూముకు, అంటే ర్యామ్‌కు, పోవాలి. ప్రాసెసర్లు చేసే ఏఎండీ వాళ్ళు 2022 ఏప్రిల్‌లో 5800ఎక్స్3డి అని ఒక ప్రాసెసర్ తెచ్చారు. ఉన్న 32 ఎంబీ క్యాష్ మీద ఇంకో 64 ఎంబీ మేడ కట్టి 96 చేశారు. దాని గడియారం వేగం దాని అన్న 5800ఎక్స్ కంటే తక్కువ. అయినా సిమ్యులేటర్‌లో అన్నను మించి నడుస్తుంది. 2024లో వచ్చిన 9800ఎక్స్3డిలో ఆ మేడను కోర్ల కిందికి, సెల్లార్‌లోకి, దించేశారు, పైన వేడి సులువుగా పోయేట్టు. ఆ మొదటిది నా మదర్‌బోర్డు సాకెట్‌లోనే కూర్చునేది. బయోస్, అంటే మదర్‌బోర్డులోనే ఉండే ప్రోగ్రాము, అప్‌డేట్ చేస్తే చాలు. ఈ సంగతి రాత్రి పదకొండింటికి కాకుండా మొన్న పదకొండింటికి తెలిసి ఉంటే, పార్క్‌లేన్‌లో లస్సీ తాగి వచ్చేసేవాణ్ణి.

సరే, నిద్ర పట్టక బయోస్‌లోకి వెళ్ళాను. అక్కడ ఇంకో చావు. 3200 వేగం ర్యామ్ అని నాలుగేళ్ళ కింద కొన్నది 2133లో నడుస్తోంది. ర్యామ్‌ను దాని అసలు వేగంలో నడిపించే ఎక్స్ఎంపీ అనే మీట వేసిన వాడు లేడు. నాలుగేళ్ళు! రికార్డు రూముకు బండి ఇచ్చి తాళం ఇవ్వలేదన్నమాట. మీట వేశాను. నేల వివరాలు ఎంత దూరం దాకా చూపాలో చెప్పే టెర్రైన్ ఎల్ఓడీని 200 నుంచి 100కి దించాను. దూరాన ఎవడూ చూడని చెట్లను లెక్కపెట్టే పని నీకు తప్పింది. ఆగి ఉన్న విమానాలను తగ్గించాను. కాక్‌పిట్ తెరలు మారే వేగం తగ్గించాను. ఫ్రేములకు 30 దగ్గర కళ్ళెం వేశాను. ఒకసారి 45, ఒకసారి 18 అని గెంతే కంటే ముప్పై మీద నిలకడగా ఉండటమే నునుపు అని కంటికి తెలుస్తుంది.

ఈసారి శంషాబాద్ జోలికి పోలేదు. గన్నవరం. తెల్లవారుజాము వెలుతురు పెట్టుకున్నాను. కింద కృష్ణ, బ్యారేజీ, ఆ వెనక పొగమంచులో పొలాలు. కొంచెం ఎడమ గాలి. నువ్వు ఒక్క ఫైలు కూడా ఆలస్యం చెయ్యలేదు. "ట్వెంటీ" అన్నప్పుడు ట్వెంటీలోనే ఉన్నాం. చక్రాలు తాకినట్టు కూడా తెలియలేదు. నేను స్టిక్ వదలకుండా అలాగే కాసేపు కూర్చున్నాను. గదిలో ఎవరూ లేరు. చూసేవాడు ఉన్నప్పుడు ఇలా ఎందుకు చెయ్యవు రా నువ్వు?

గాలినీ, రెక్కనీ, చక్రాన్నీ ఒంటి చేత్తో మోస్తూ, సెకనుకు ముప్పై సార్లు, తిట్లు తింటూ. సరేలే. ఎర్ర అక్షరాలు ఇప్పటికీ అప్పుడప్పుడు వెలుగుతున్నాయి, వెలగనీ. బల్ల కొంటాను. దసరా బోనస్ రానీ. అప్పటిదాకా నా విమానాలన్నీ చిన్న ఊళ్ళకే.

బావమరిది వచ్చే ఆదివారం మళ్ళీ వస్తానన్నాడు. విమానం దిగే ఆ నాలుగు నిమిషాలు టీ కొట్టుకు వెళ్ళకండి, దయచేసి.

ఇట్లు,
తమ 33 మిల్లీసెకన్ల కోసం కాచుకుని ఉన్న
ఒక పైలట్

తా.క.: మా ఆవిడకు కార్డు 26,000 అని చెప్పి ఉన్నాను. బిల్లు బావమరిది కంట పడింది. "అక్కకు చెప్పనులే బావా" అన్నాడు. ఆ "లే" ఎంతకు పడుతుందో ఇంకా తేలలేదు. ఇందాక ఆవిడే అడిగింది, ఇంత పోసి కొన్నందుకు ఎన్ని ఫ్రేములు పెరిగాయి అని. ఒకటి అన్నాను. నమ్మలేదు. ఈ ఒక్క లెక్కా నేను నిజమే చెప్పాను.